ప్రత్యర్థి, ఉజ్జీ, పోటీదారు: చైనీయ అభ్యాసకులకు ఇంగ్లీషు స్పర్ధా పదజాలం

చైనీయ భాష మాట్లాడేవారు ఇంగ్లీషులో పోటీకి, స్పర్ధకు చెందిన మాటలు నేర్చుకునేటప్పుడు పడే ఇబ్బందికి పదాల కొరత కారణం కాదు. రెండు భాషల్లోనూ ఆ మాటలు పుష్కలంగా ఉన్నాయి. కాని ఒక భాష అర్థాల మధ్య వేసిన గట్లు, మరో భాష వేసిన గట్లు ఒకే చోట లేవు. ద్విభాషా పదపట్టికలో 'రైవల్', 'అపోనెంట్', 'అడ్వర్సరీ' మూడింటికీ ఎదురుగా 'దుయ్‌షౌ' అన్న ఒకే మాట ఉండటం సాధారణం. పట్టికను నమ్ముకున్న విద్యార్థి మూడూ ఒకటేననుకుంటే ఆ పొరపాటుకు బాధ్యత పట్టికదే. ఈ పదజాలాన్ని పర్యాయపదాల వరుసగా చెప్పడం మానేసి, పోటీపడే ఇద్దరి మధ్య ఉన్న సంబంధాన్నీ, ఆ సంబంధాన్ని మోసే వాక్యనిర్మాణాన్నీ జోడించి బోధించాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

'దుయ్‌షౌ'లోని రెండు అక్షరాలకు విడివిడిగా 'ఎదురు', 'చేయి' అని అర్థం. వాడుకలో ఆ మాట రెండు పనులు చేస్తుంది. ఎదుట నిలిచినవాడినీ అదే చెబుతుంది, ఎదుట నిలవగలవాడినీ అదే చెబుతుంది. తెలుగులో మొదటివాడు ప్రత్యర్థి, రెండోవాడు ఉజ్జీ. 'తా బూషి వోద దుయ్‌షౌ' అని చైనీయుడు అన్నాడంటే అవతలివాడు తనకు ఉజ్జీ కాడని భావం. దాన్నే మాటకు మాటగా 'హీ ఈజ్ నాట్ మై అపోనెంట్' అంటే, అతనితో తనకు అసలు ఆటే లేదన్న అర్థం వస్తుంది. 'హీ ఈజ్ నో మ్యాచ్ ఫర్ మీ' అనాలని పదపట్టిక చెప్పదు. 'రైవల్' విషయంలో మరో చిక్కు ఉంది. నామంగా అది ప్రత్యర్థి, క్రియగా మాత్రం సాటిరావడం. అందుకే 'అన్‌రైవల్డ్' అంటే శత్రువులు లేనివాడు కాదు, సాటిలేనివాడు. చైనీయంలో ఒకే నామంలో కలిసి ఉన్న రెండు అర్థాలను ఇంగ్లీషు ఇక్కడ నామానికీ క్రియకూ పంచి ఇచ్చింది.

కాలవ్యవధి మరో గట్టు. బ్యాడ్మింటన్ క్రీడాకారులు చైనాకు చెందిన లిన్ డాన్, మలేసియాకు చెందిన లీ చోంగ్ వే అంతర్జాతీయ పోటీల్లో 40 సార్లు తలపడ్డారు. వాటిలో 28 లిన్ డాన్ గెలిచాడు. 2008, 2012 ఒలింపిక్ ఫైనళ్లు అతనివే. 2016 రియో సెమీఫైనల్లో లీ గెలిచాడు. ఆ 40 ఆటల్లో ఏ ఒక్కదాన్ని విడిగా చూసినా వాళ్లు 'అపోనెంట్లు'. అన్నీ కలిపి చూసినప్పుడు 'రైవల్స్'. చైనీయం ఈ తేడాను చెప్పలేక కాదు, 'పాత' అనే అర్థమిచ్చే 'లావ్' చేర్చి 'లావ్ దుయ్‌షౌ' అంటుంది. ప్రేమలో పోటీకొచ్చినవాడైతే 'ఛింగ్‌దీ', అంటే ప్రేమశత్రువు. వ్యాపారంలోనైతే 'జింగ్‌జంగ్ దుయ్‌షౌ'. సంబంధం స్వరూపాన్ని చైనీయం సమాసంలో పైకి చూపిస్తే, ఇంగ్లీషు వేరువేరు మాటల్లో దాచి ఉంచుతుంది. దాచిన ఆ సంగతిని పైకి తీయడమే బోధకుడి పని.

తీవ్రతలో తేడా ఎంత ముఖ్యమో 2019 మార్చిలో ఐరోపా సమాఖ్య వెలువరించిన పత్రం చూపిస్తుంది. అందులో చైనాను వేరువేరు రంగాల్లో సహకార భాగస్వామిగా, ఆర్థిక పోటీదారుగా, వ్యవస్థాపరమైన ప్రత్యర్థిగా పేర్కొన్నారు. పోటీదారుకు 'కాంపిటీటర్', ప్రత్యర్థికి 'రైవల్' వాడారు. ఈ రెండింటి మధ్య ఎడమే ఆ పత్రం సారం. 'కాంపిటీటర్'ను 'జింగ్‌జంగ్ దుయ్‌షౌ' అనీ, 'రైవల్'ను ఉత్త 'దుయ్‌షౌ' అనీ గుర్తుపెట్టుకున్న పాఠకుడికి రెండోది మొదటిదాన్ని కుదించిన రూపంలాగే కనిపిస్తుంది. ఒక మెట్టు పైకెక్కిన తీవ్రత అతనికి అందదు. 'రైవల్' మూలమైన లాటిన్ మాటకు ఒకే వాగు నీళ్లు వాడుకునేవాడని అర్థం. ఒక కాలువ కింద సాగు చేసే ఇద్దరు రైతుల మధ్య ఇరుగుపొరుగుతనమూ ఉంటుంది, తగువూ ఉంటుంది. ఆ దగ్గరితనం ఇప్పటికీ ఈ మాటలో మిగిలే ఉంది.

వ్యాకరణంలో దాగిన చిక్కులు ఇంతకన్నా లోతైనవి. 'ఎ కాంపిటీషన్' అంటే జరిగే పోటీ, ఆర్టికల్ లేని 'కాంపిటీషన్' అంటే పోటీ ఉన్న పరిస్థితి, 'ద కాంపిటీషన్' అంటే చాలాసార్లు అవతలి పోటీదారులంతా. చైనీయంలో ఈ మూడింటికీ వరుసగా 'బీసాయ్', 'జింగ్‌జంగ్', 'జింగ్‌జంగ్ దుయ్‌షౌ' అనే మూడు వేరు మాటలున్నాయి. అక్కడ మాట చేసే పనిని ఇక్కడ ఆర్టికల్ చేస్తుంది, చైనీయంలో ఆర్టికల్సే లేవు. 1971లో నగోయా టేబుల్ టెన్నిస్ ప్రపంచ పోటీల కాలంలో చైనా నుంచి ప్రచారమైన నినాదం స్నేహానికి మొదటి స్థానం, 'బీసాయ్'కి రెండో స్థానం ఇచ్చింది. ఇంగ్లీషులో అది 'కాంపిటీషన్' అయింది. దాన్ని తిరిగి 'జింగ్‌జంగ్' అని చైనీయంలోకి తెస్తే, ఆట గురించిన నినాదం సంఘర్షణ గురించినది అయిపోతుంది. తెలుగు అభ్యాసకుడికి ఈ ఒక్క చోట కష్టం తక్కువ. ముగ్గుల పోటీ అన్నా, సీటుకు పోటీ ఎక్కువగా ఉందన్నా మనకు మాట ఒకటే. కాబట్టి ఒక మాతృభాష వారికోసం రాసిన పాఠం మరో మాతృభాష వారికి అలాగే పనికిరాదు.

పదసాహచర్యంలోనూ ఇదే జరుగుతుంది. ఆరోగ్యకరమైన పోటీని చైనీయంలో 'ల్యాంగ్‌షింగ్ జింగ్‌జంగ్' అంటారు. ప్రమాదం లేని కణితికీ 'ల్యాంగ్‌షింగ్' అన్న విశేషణమే వాడతారు. నిఘంటువులో దానికి 'బినైన్' అని చూసిన విద్యార్థి 'బినైన్ కాంపిటీషన్' అని రాస్తాడు. ఇంగ్లీషు పాఠకుడు ఎదురుచూసేది 'హెల్తీ'. 2020 నుంచి చైనాలో విస్తృతంగా వినిపిస్తున్న 'నేయ్‌జ్వాన్' కథ ఇంకా విచిత్రం. అమెరికన్ మానవశాస్త్రవేత్త క్లిఫర్డ్ గీర్ట్జ్ 1963లో జావా వ్యవసాయం మీద రాసిన పుస్తకంతో ప్రసిద్ధమైన 'ఇన్వల్యూషన్' అనే భావనకు అది చైనీయ రూపం. నేడు దాని అర్థం ఫలితం పెరగకుండా శ్రమ మాత్రమే పెరిగే పోటీ. దాన్ని మళ్లీ 'ఇన్వల్యూషన్' అంటే చైనా సంగతులు తెలియని ఇంగ్లీషు పాఠకుడికి అర్థం కాదు. మనుషుల జీవితం గురించైతే 'ర్యాట్ రేస్', కంపెనీల ధరల యుద్ధం గురించైతే 'కట్‌త్రోట్ కాంపిటీషన్' అనాలి. మూలం ఇంగ్లీషే అయినా, తిరుగు ప్రయాణంలో అది పాత ఇంటికి చేరలేదు.

దీనిమీద ఒక అభ్యంతరం రావచ్చు. పదాల గట్లను ఇంతగా పట్టించుకుంటే చైనీయుల స్వభావమే వేరని చెప్పినట్టు కాదా? కాదు. పోటీ అన్న మాట దగ్గర ఇబ్బంది జపాన్‌లోనూ ఎదురైంది. జపాన్ రచయిత ఫుకుజావా యుకిచి 1899లో పుస్తకంగా వచ్చిన తన ఆత్మకథలో, 'కాంపిటీషన్'కు తాను కూర్చిన మాటలో కలహాన్ని సూచించే అక్షరం ఉందని షోగన్ ప్రభుత్వ అధికారి ఒకరు అభ్యంతరం చెప్పిన సంగతి రాశాడు. చైనీయ 'జింగ్‌జంగ్'లోనూ, యుద్ధమనే అర్థమిచ్చే 'జాన్‌జంగ్'లోనూ ఉన్నది ఆ అక్షరమే. 1898లో చైనా అనువాదకుడు యెన్ ఫూ ఇంగ్లీషు జీవశాస్త్రవేత్త హక్స్‌లీ రచనను చైనీయంలోకి తెచ్చినప్పుడు మనుగడ కోసం పోరాటాన్ని 'వూజింగ్' అన్నాడు. ఆ మాట ఒక తరం నోట నానింది. శతాబ్దాలపాటు ఉద్యోగ పరీక్షలు నడిపి 1905లో రద్దు చేసిన దేశానికి, 1977లో కళాశాల ప్రవేశ పరీక్షను పునరుద్ధరించుకున్న దేశానికి పోటీ ఒకరు నేర్పాల్సిన విషయం కాదు. వేరుగా ఉన్నది మాటల పంపకమే, మనుషుల స్వభావం కాదు.

మరో అభ్యంతరం మరింత బలమైనది. చైనీయుడు, వియత్నామీయుడు ఇంగ్లీషులో మాట్లాడుకునేటప్పుడు ఈ సూక్ష్మాలు ఎవరికి కావాలి? సంభాషణలో పొరపాటు పడితే అక్కడికక్కడే సరిచేసుకోవచ్చు, ఈ మాట నిజమే. కాని ఒప్పందానికో, దరఖాస్తుకో, విధానపత్రానికో ఆ వెసులుబాటు లేదు. 'కాంపిటిటివ్ ప్రైస్' అంటే పోటీకి నిలిచేంత తక్కువ ధర అని తెలియని కొనుగోలుదారుకు జరిగేది ఉచ్చారణ దోషం కాదు, నష్టం. ద్విభాషా పదపట్టిక మొదటి మెట్టుగా ఉండవచ్చు. ఆ మెట్టు మీదే ఆగిపోకూడదు.

అందువల్ల ప్రతి మాట పక్కనా నాలుగు ప్రశ్నలకు జవాబుండాలి. తగువు దేనికోసం, ఎంతకాలంగా, ఇద్దరూ సమ ఉజ్జీలా, వాక్యంలో ఆ మాట వెంట వచ్చేదేమిటి. 'కంపీట్' పక్కన అవతలివాడికి 'విత్' లేదా 'అగైనెస్ట్', బహుమతికి 'ఫర్', రంగానికి 'ఇన్' అని ఉంటే, క్రియగా 'రైవల్' వీటిలో ఏదీ లేకుండా నేరుగా కర్మను పట్టుకుంటుందని విద్యార్థి తానే గమనిస్తాడు. ఈ ప్రశ్నలకు అతను తన భాషలో ఎప్పుడూ జవాబు చెబుతూనే ఉన్నాడు. 'లావ్' చేర్చినప్పుడు కాలాన్ని చెప్పాడు, 'ఛింగ్' చేర్చినప్పుడు కారణాన్ని చెప్పాడు. అతనికి తెలిసినదాన్ని ఇంగ్లీషు ఎక్కడ దాచిందో చూపించే పాఠం, అతని మాతృభాషను అడ్డంకిగా చూడదు, ఆసరాగా చేసుకుంటుంది.