మాయ విడిది

'మాయాబజార్' చూడనివాళ్ళు ఈ బ్లాగుకి రారని నా ధైర్యం. కౌరవ పెళ్ళివారి కోసం ఘటోత్కచుడి బృందం మాయతో ఒక విడిది కడుతుంది. కంబళి మాయ, తల్పం మాయ, చివరికి పెళ్ళికూతురూ మాయే. అయినా పెళ్ళివారికి అనుమానం రాకూడదు. ఇక్కడ అమెరికాలో కొన్నేళ్ళపాటు నేను చేసిన ఉద్యోగం అచ్చం అదే. ఆ మాయ చేసే ప్రోగ్రామ్‌ని హైపర్‌వైజర్ అంటారు. ఒకే కంప్యూటర్లో నాలుగైదు ఆపరేటింగ్ సిస్టమ్‌లని దింపి, మెషీన్ మొత్తం నీదేనని ప్రతిదానికీ నమ్మకం కలిగించడం దాని పని. విడిదిలో దిగిన ఆ సిస్టమ్‌లని మేమూ 'గెస్ట్' అనే అంటాం.

ఈ మాయకి పుట్టిల్లు నేనుండే ఊరికి దగ్గరే. బోస్టన్ పక్కన కేంబ్రిడ్జిలో, కెండాల్ స్టేషన్‌లో రైలు దిగి కాస్త నడిస్తే టెక్నాలజీ స్క్వేర్ వస్తుంది. 1964లో ఎంఐటీ తన కొత్త టైమ్ షేరింగ్ ప్రాజెక్టుకి ఐబీఎంని కాదని జనరల్ ఎలక్ట్రిక్ మెషీన్‌ని ఎంచుకుంది. ఆ ఏడాది చివర్లోనే, అక్కడి ఐబీఎం సైంటిఫిక్ సెంటర్లో రాబర్ట్ క్రీసీ, లెస్ కోమో కలిసి సీపీ-40కి పథకం వేశారు. 1967కల్లా, కాస్త మార్పులు చేసిన ఒక్క సిస్టమ్/360 మోడల్ 40 మీద 14 మాయ మెషీన్లు నడిచాయి. ఒక్కోదానికి 256కె మెమరీ.

కిటుకు చెప్పడానికి తేలికే. గెస్ట్‌ని మామూలు ప్రోగ్రామ్‌లాగే, అధికారం లేని స్థితిలో నడుపుతారు. మామూలు లెక్కలన్నీ అసలు ప్రాసెసరే చేస్తుంది. గెస్ట్ ఏదైనా అధికారపు ఆజ్ఞ ఇచ్చిందంటే ప్రాసెసర్ దాన్ని ఆపేసి, హైపర్‌వైజర్‌ని పిలుస్తుంది. అప్పుడు హైపర్‌వైజర్ ఆ ఆజ్ఞ నిజంగా జరిగితే ఏ రిజిస్టర్లో ఏ విలువ ఉండేదో అదే పెట్టి, గెస్ట్‌ని మళ్ళీ నడవనిస్తుంది. ఐబీఎం 1972లో వీఎం/370 పేరుతో దీన్ని మార్కెట్లోకి తెచ్చింది. ఇది పనిచేయాలంటే ప్రాసెసర్ ఎలా ఉండాలో పోపెక్, గోల్డ్‌బర్గ్ 1974లో సూత్రంగా రాశారు: మాయని బయటపెట్టగల ప్రతి ఆజ్ఞా అధికారం లేనివాళ్ళు ఇస్తే ఆగి తీరాలి.

మన ఇళ్ళలోకి వచ్చిన ఇంటెల్ ప్రాసెసర్లు ఆ సూత్రానికి లొంగలేదు. పెంటియమ్‌లో అలా ఆగని ఆజ్ఞలు 17 ఉన్నాయని 2000లో ఒక పరిశోధన లెక్కతేల్చింది. వాటిలో పాప్‌ఎఫ్ ఒకటి. అధికారం లేని గెస్ట్ దాంతో ఇంటరప్టులు ఆపబోతే ప్రాసెసర్ కాదనదు, చెయ్యదు, ఎవరికీ చెప్పదు. ఊరుకుంటుంది. 1999లో వీఎంవేర్ ఇలాంటి ఆజ్ఞల్ని, గెస్ట్ నడుస్తుండగానే, వేరే ఆజ్ఞలుగా మార్చి గట్టెక్కింది. 2003లో ఇంగ్లండ్ కేంబ్రిడ్జిలో జెన్ వాళ్ళు గెస్ట్‌నే మార్చి, ఇది మాయేనని ముందే చెప్పేశారు. చివరికి 2005లో ఇంటెల్, మరుసటి ఏడు ఏఎమ్‌డీ ప్రాసెసర్లోనే గెస్ట్‌కి విడిగా ఒక లోకం ఇచ్చాయి. అందులోంచి బయటికి రావడాన్నే ఎగ్జిట్ అంటారు. ఎందుకు వచ్చిందో చెప్పడానికి ఒక నంబరు ఉంటుంది. సీపీయూఐడీకి 10, ఆర్‌డీఎంఎస్‌ఆర్‌కి 31.

నా కథ ఆ 31 దగ్గర. ఎగ్జిట్ అయినప్పుడు ఇంటెల్ ప్రాసెసర్ గెస్ట్ తాలూకు కొన్ని రిజిస్టర్లని తానే భద్రపరుస్తుంది. ఆర్‌ఏఎక్స్ లాంటి 15 మామూలు రిజిస్టర్లని మాత్రం మనకే వదిలేస్తుంది. మేం దాచాలి, మేమే తిరిగి పెట్టాలి. ఆర్‌డీఎంఎస్‌ఆర్ జవాబుని రెండు సగాలుగా, ఒక్కోటి 32 బిట్లు, రెండు రిజిస్టర్లలో ఇవ్వాలి. ఇచ్చాను. రిజిస్టర్ల వెడల్పు మాత్రం 64 బిట్లు. పై సగంలో పాత చెత్త అలాగే ఉండిపోయింది. గెస్ట్ ఆ రెంటినీ కలిపి ఒక అడ్రస్ చేసుకుని, లేని చోటికి వెళ్ళి కూలిపోయింది.

మూడు రాత్రులు వెతికాను. నా కోడ్ పది వరుసలే కాబట్టి దాన్ని అనుమానించలేదు. గెస్ట్ వైపు పనిచేసే కుర్రాడిదే తప్పని టీమ్ మొత్తానికీ మెయిల్ పెట్టాను. అతను ఉద్యోగంలో చేరి రెండు నెలలు. జవాబు రాయలేదు. నాలుగోరోజు నా బల్ల దగ్గరికి వచ్చి, ఇంటెల్ మాన్యువల్లో ఒక్క వాక్యం మీద వేలు పెట్టాడు: ఈ ఆజ్ఞ రెండు రిజిస్టర్లలోనూ పై 32 బిట్లని సున్నా చేస్తుంది.

"మీరు చూసే ఉంటారు అన్నా," అన్నాడు. చూడలేదని మా ఇద్దరికీ తెలుసు.

అసలు ప్రాసెసర్ అడక్కుండానే తుడిచే చోటు అది. మాయ ప్రాసెసర్ కూడా తుడవాలి. పాప్‌ఎఫ్ విషయంలో ఇంటెల్‌ని ఎన్నిసార్లు తిట్టుకున్నానో! కాదనకుండా, చెయ్యకుండా, చెప్పకుండా ఊరుకుందని. నేను రాసిన పది వరుసలూ చేసింది అదే.

సరిదిద్దడానికి రెండు వరుసలు పట్టాయి. క్షమాపణ మెయిల్‌కి ఒక పూట పట్టింది. అదీ టీమ్ మొత్తానికే పెట్టాను.