కొండ గట్లు చెప్పే మన చరిత్ర

చరిత్ర అంటే కోటలు, శాసనాలు, రాజుల పేర్లు అని మనం బడిలో చదువుకున్నాం. మన సవర పెద్దలు శాసనాలు వేయించలేదు. కానీ సీతంపేట, గుమ్మలక్ష్మీపురం కొండల నుంచి ఒడిశా వైపు గుణుపురం, గజపతి జిల్లా కొండల దాకా సవరలు కట్టిన రాతిగట్లు ఉన్నాయి. మన చరిత్ర వాటిలో ఉంది.

సవరలంటే పోడు కొట్టి, నేల సారం తగ్గగానే మరో చోటికి పోయేవారని చాలామంది అనుకుంటారు. అది సగం మాటే. కొండవాలు మీద పోడులో సామలు, కొర్రలు, చోళ్లు, కందులు కలిపి పండించాం. గెడ్డల వెంబడి మాత్రం మెట్లుమెట్లుగా మడులు కట్టి వరి వేశాం. 1909లో వెలువడిన ఎడ్గార్ థర్‌స్టన్ గ్రంథం కూడా సవరల మెట్ల సాగు గురించి చెప్పింది.

ఆ గట్లు కట్టిన తీరు చూడండి. సున్నం లేదు, సిమెంటు లేదు. రాయి మీద రాయి పేర్చారు. ఊటనీరు సందుల్లోంచి జారిపోతుంది, మట్టి లోపలే ఆగుతుంది. అందుకే వానలకు గట్టు అంత తేలిగ్గా కూలదు. పై మడి నిండాక నీరు కింది మడికి దిగుతుంది. రేపు వదిలిపోయే నేల కోసం ఎవరూ ఇంత కష్టపడరు.

1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక కొండలు రిజర్వు అడవులు కావడం మొదలైంది. తాతల నాటి సాగు కాగితాల్లో ఆక్రమణ అయింది. ఆ అన్యాయాన్ని సరిదిద్దడానికే 2006 అటవీ హక్కుల చట్టం వచ్చింది. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి మన సాగులో ఉండి, నేటికీ సాగుతున్న అటవీ భూమికి హక్కు కోరవచ్చు. ఆ చట్టం నియమాల్లో 13వది చదవండి. చదును చేసిన నేల, గట్లు, పాత బావులు, శ్మశానాలు, పూజాస్థలాలు, పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యాలే. దరఖాస్తుకు ఒకటికి మించి సాక్ష్యాలు కావాలి.

కాబట్టి జీడితోట కోసమో, ఇంటి పునాది కోసమో గట్టు రాళ్లు పీకవద్దు. ఈ వేసవిలో మీ ఊరి గట్లన్నీ తిరిగి చూడండి. పొడవు, ఎత్తు కొలవండి, ఫొటోలు తీయండి. ఏ మడి ఎవరు కట్టారో, దాని పేరేమిటో పెద్దలను అడిగి సవర మాటల్లోనే రాసుకోండి. రాసింది గ్రామసభలో చదివి వినిపించండి. ఆ సంగతులు తెలిసిన తాతలు, అవ్వలు మన మధ్య ఉండగానే ఈ పని పూర్తి చేద్దాం.