వర్చువల్ మెషీను డిస్కుల దోష నివారణ

వర్చువల్ మెషీను డిస్కుల దోష నివారణ అనగా, పంపిణీ నెట్‌వర్కు నిల్వపై ఉన్న వర్చువల్ మెషీను (మిథ్యా యంత్రం) డిస్కు మందగించినప్పుడు, స్తంభించినప్పుడు లేదా వ్రాతను నిరాకరించినప్పుడు, అందలి సమాచారానికి నష్టం కలగకుండా కారణం కనుగొని సరిచేసే పద్ధతి. సాధారణ కంప్యూటరులో డిస్కు చెడితే దానిని విప్పి చూడవచ్చును. ఇక్కడ విప్పి చూడడానికి ఒక్క డిస్కు అంటూ ఎక్కడా లేదు. అందుచేత ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్న: డిస్కు పోయినదా, లేక ఆగి ఉన్నదా? అధిక సందర్భాలలో అది ఆగి మాత్రమే ఉంటుంది. ఆగిన దానిని పోయినదని భావించి తొందరపడడం వలన నిజంగానే పోగొట్టుకునే ప్రమాదం ఉన్నది.

ఈ విషయం పెద్ద సంస్థల ఇంజనీర్లకే పరిమితం కాదు. అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2022 నవంబరులో మూడు అవైలబిలిటీ జోన్లతో హైదరాబాదు ప్రాంతాన్ని ప్రారంభించింది. సంతోష్‌నగర్‌లో ఇంట కూర్చుని అక్కడ ఒక వర్చువల్ మెషీను అద్దెకు తీసుకున్న విద్యార్థికి తన ఈబీఎస్ డిస్కు ఒకే వస్తువుగా కనిపిస్తుంది. వాస్తవానికి అది నెట్‌వర్కు మీదుగా అందే సేవ. దాని ప్రతులు ఆ జోనులోనే వేర్వేరు సర్వర్లపై ఉంటాయి.

నిర్మాణము

ఉచితంగా లభించే సాఫ్టువేరులో సెఫ్ ప్రసిద్ధమైనది. సేజ్ వీల్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (శాంటా క్రజ్)లో చేసిన పరిశోధన నుండి ఇది పుట్టింది. దీనిని గురించిన ముఖ్య పరిశోధనా పత్రం 2006లో వెలువడింది. సెఫ్ డిస్కులను నేరుగా వాడుకునే ఆర్‌బిడి అనే భాగం 2011 జనవరిలో వచ్చిన లినక్స్ కెర్నెల్ 2.6.37లో చేరింది.

సెఫ్‌లో ప్రతి డిస్కును సాధారణంగా 4 మెగాబైట్ల ముక్కలుగా విడదీస్తారు. అనగా 40 గిగాబైట్ల డిస్కు పూర్తిగా నిండితే 10,240 ముక్కలవుతుంది. ఒక్కొక్క దానికి మూడేసి ప్రతులు కనుక మొత్తం 30,720. ఏ ముక్క ఎక్కడ ఉన్నదో తెలిపే పెద్ద పట్టిక ఏదీ లేదు. క్రష్ అనే గణన పద్ధతి ముక్క పేరునుబట్టి స్థానాన్ని లెక్కకడుతుంది. గ్రంథాలయంలో సూచిక వెతకకుండానే, పుస్తకం పేరుతో లెక్క వేయగా బీరువా సంఖ్య వచ్చినట్లన్నమాట.

ఇందువలన ఒక విచిత్ర లక్షణం ఏర్పడుతుంది. డిస్కు చక్కగా తెరుచుకుంటుంది, సగం ఫైళ్ళు చదవబడతాయి, ఒక ఫైలు వద్దకు రాగానే అంతా స్తంభిస్తుంది. కొన్ని ముక్కల ప్రతులున్న సర్వర్లు మాత్రమే అందుబాటులో లేవని దీని అర్థం.

లక్షణాలు

యంత్రం లోపల కనిపించేది తరచుగా అసలు దోషం కాదు, దాని నీడ. స్కజీ పద్ధతిలో జోడించిన డిస్కుకు లినక్స్ సాధారణంగా 30 సెకన్లు గడువు ఇస్తుంది. అప్పటికీ సమాధానం రాకపోతే మళ్ళీ ప్రయత్నించి, చివరకు దోషంగా నమోదు చేస్తుంది. అప్పుడు ఈఎక్స్‌టి4 వంటి ఫైలు వ్యవస్థ, అమరికనుబట్టి, తనను తాను "చదవడానికి మాత్రమే" స్థితికి మార్చుకోవచ్చును. వర్టియో బ్లాక్ డిస్కు అయితే గడువు లేకుండా వేచి ఉంటుంది. 120 సెకన్లకు పైగా ఒక పని నిలిచిపోయిందన్న సందేశం మాత్రం కెర్నెల్ చిట్టాలో కనబడుతుంది. నిల్వ కోలుకోగానే ఈ రెండవ యంత్రం దానంతట అదే నడవడం మొదలుపెడుతుంది. మొదటి దానికి మాత్రం ఫైలు వ్యవస్థ తనిఖీ అవసరం కావచ్చును.

కారణాల పరిశీలన

పరిశీలన యంత్రం నుండి ఆతిథ్య సర్వరుకు, అక్కడి నుండి నెట్‌వర్కుకు, చివరకు నిల్వకు సాగాలి. ఒకే సర్వరుపై ఉన్న యంత్రాలన్నీ ఆగితే దోషం ఆ సర్వరుదో, దాని తీగదో అయి ఉంటుంది. వేర్వేరు సర్వర్లపై అక్కడక్కడ ఆగితే నిల్వను అనుమానించాలి.

నెట్‌వర్కు దోషాలలో మిక్కిలి మోసపుచ్చేది ప్యాకెట్ పరిమాణ భేదం. సర్వర్లన్నీ 9000 బైట్లకు అమర్చబడి, నడుమ ఒక స్విచ్చి 1500 వద్దనే ఉంటే, సాధారణ పింగ్ చక్కగా వెళ్తుంది, లాగిన్ కూడా అవుతుంది. పెద్ద వ్రాతలు మాత్రం దారిలో మాయమవుతాయి. ముక్కలు చేయరాదన్న నిబంధనతో 8972 బైట్ల పింగ్ పంపితే (శీర్షికలకు 28 బైట్లు పోగా మిగిలినది) గుట్టు బయటపడుతుంది.

నిల్వ నిండిపోవడం మరొక కారణం. సెఫ్‌లో మొత్తం సగటు 70 శాతమే ఉన్నా, ఒక్క భౌతిక డిస్కు 95 శాతానికి చేరితే దానిని వాడే పూల్‌లలో వ్రాతలు ఆగిపోతాయి. 85 శాతం వద్దనే హెచ్చరిక వస్తుంది. యంత్రం లోపల ఫైళ్ళు తొలగించినంత మాత్రాన స్థలం తిరిగి రాదని గుర్తించాలి. ట్రిమ్ ఆదేశం కింది వరకు చేరితేనే ఆ ముక్కలు విడుదలవుతాయి.

మూడు ప్రతులున్న చోట రెండు పోయి ఒక్కటే మిగిలితే సెఫ్ చదవడం, వ్రాయడం రెంటినీ నిలిపివేస్తుంది. కనీసం రెండు ప్రతులు ఉండాలన్న నియమమే దీనికి కారణం. ఈ నియమాన్ని ఒకటికి తగ్గిస్తే యంత్రాలు వెంటనే లేస్తాయి. కాని ఆ ఒక్క డిస్కు కూడా చెడితే కొత్త వ్రాతలకు సాక్ష్యం మిగలదు. పోయిన సర్వర్లలో ఒకదానిని తిరిగి నిలబెట్టడమే సరియైన మార్గం.

గ్లస్టర్ వ్యవస్థలో దీనికి భిన్నమైన చిక్కు ఉన్నది. రెండే ప్రతులున్నప్పుడు నెట్‌వర్కు తెగి, ఇరువైపులా వేర్వేరు వ్రాతలు జరిగితే ఏది అసలైనదో వ్యవస్థ తేల్చలేదు. దీనిని స్ప్లిట్ బ్రెయిన్ అంటారు. ఏ ప్రతిని ఉంచాలో మనిషే నిర్ణయించాలి. రెండింటినీ వేరుగా నకలు తీసుకోకముందు ఆ నిర్ణయం చేయరాదు. మూడవ సాక్షిగా ఆర్బిటర్‌ను చేర్చితే ఈ స్థితిని నివారించవచ్చును.

2011 అమెజాన్ సంఘటన

2011 ఏప్రిల్ 21న అమెజాన్ తూర్పు అమెరికా ప్రాంతంలో నెట్‌వర్కు మార్పు చేస్తుండగా, రద్దీ పొరపాటున తక్కువ సామర్థ్యం గల మార్గానికి మళ్ళింది. ఈబీఎస్ సర్వర్లకు తమ ప్రతులతో సంబంధం తెగింది. నెట్‌వర్కు తిరిగి రాగానే అవన్నీ ఒకేసారి కొత్త ప్రతులు తయారుచేసుకోవడానికి ఖాళీ స్థలం వెతకసాగాయి. స్థలం చాలక, ఆ వెతుకులాటే వ్యవస్థను ముంచింది. ఆ జోనులోని 13 శాతం డిస్కులు స్తంభించాయి. చివరకు తిరిగి రానివి 0.07 శాతం మాత్రమే. స్తంభించిన వాటిలో అత్యధికం నిరీక్షిస్తున్నవే అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. తిరిగి నిర్మించే పని వేగాన్ని నిర్వాహకులు అదుపులో ఉంచడానికి కారణం కూడా ఇదే.

మరమ్మతు

నిల్వ ఆరోగ్యంగా ఉన్నదని నిర్ధారించుకోకముందు ఎఫ్ఎస్‌సికె నడపరాదు. సగం ముక్కలు అందని డిస్కుపై ఆ తనిఖీ నడిపితే, అందని భాగాన్ని చెడిన భాగంగా భావించి "సరిదిద్దే" ప్రమాదమున్నది. ముందు స్నాప్‌షాట్ తీసుకొని, దాని నకలుపై తనిఖీ నడిపి, ఫలితం చూసిన తరువాతనే అసలు డిస్కును ముట్టుకోవాలి.

ఆతిథ్య సర్వరు హఠాత్తుగా పడిపోయినప్పుడు డిస్కుపై పాత తాళం మిగిలిపోయి, మరొక సర్వరుపై యంత్రం లేవకపోవచ్చును. సెఫ్‌లో డిస్కును ఎవరు తెరిచి ఉంచారో చూపే జాబితా ఉంటుంది. చనిపోయిన సర్వరు పేరు సుమారు అర నిమిషంలో దాని నుండి తొలగిపోతుంది. తొలగకపోతే ఆ సర్వరు ఇంకా బ్రతికే ఉన్నదని అనుమానించి, విద్యుత్తు ఆపించి, ఆ తరువాతనే తాళం తీయాలి. రెండు యంత్రాలు ఒకే ఈఎక్స్‌టి4 డిస్కుపై ఏకకాలంలో వ్రాస్తే, మూడు ప్రతులూ ఒకే విధంగా చెడిపోతాయి.