ప్యాచ్ ప్రయాణం: లినక్స్ కెర్నల్‌లో అంగీకార వ్యవస్థ చరిత్ర

సాంకేతిక చరిత్ర అనగానే యంత్రాలు, వాటిని తయారుచేసినవారి పేర్లు, తేదీలు గుర్తుకు వస్తాయి. ఈ వ్యాసం మాత్రం ఒక పని పద్ధతి చరిత్రను పరిశీలిస్తుంది. ముఖపరిచయం లేని వందలాదిమంది, చాలాసార్లు జీతభత్యాలు ఆశించకుండా, ఒకే ప్రోగ్రాంకు దిద్దుబాట్లు పంపుతుంటే వాటిని ఎవరు చదవాలి? ఎవరు ఒప్పుకోవాలి? ఒప్పుకోకపోతే ఆ మాట పంపినవారికి ఎవరు చెప్పాలి? లినక్స్ కెర్నల్ ప్రాజెక్టుకు ఈ ప్రశ్నలతో కుస్తీ పట్టడానికి దాదాపు పదిహేనేళ్లు పట్టింది. కంప్యూటర్ శాస్త్రంతో పరిచయం లేని విద్యార్థులు దీనిని ఒక సంస్థ రూపుదిద్దుకున్న కథగా చదువుకోవచ్చు.

ప్యాచ్ అంటే ఏమిటి?

చిరిగిన బట్టకు వేసే మాసికను ఇంగ్లీషులో ప్యాచ్ అంటారు. సాఫ్ట్‌వేర్‌లో ప్యాచ్ అంటే పాత పాఠానికీ కొత్త పాఠానికీ ఉన్న తేడాను మాత్రమే చూపే చిన్న ఫైలు. తీసివేసిన పంక్తి ముందు మైనస్ గుర్తు, చేర్చిన పంక్తి ముందు ప్లస్ గుర్తు ఉంటాయి. తాళపత్ర ప్రతులను పరిష్కరించే పండితులు పాఠాంతరాలను విడిగా రాసిపెట్టుకోవడం సాహిత్య విద్యార్థులకు తెలిసినదే. ఇదీ ఇంచుమించు అటువంటిదే. తేడాలను రాబట్టే 'డిఫ్' అనే ప్రోగ్రాం 1970లలో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో తయారైంది. ఆ తేడాను తిరిగి మూల ఫైలుకు అతికించే 'ప్యాచ్' ప్రోగ్రాంను 1985లో లారీ వాల్ విడుదల చేశాడు. మూల ఫైలు ఈలోగా కొంత మారిపోయినా, చుట్టూ ఉన్న పంక్తులను బట్టి ఇది సరైన చోటు వెతుక్కోగలదు. కాబట్టి మొత్తం ప్రోగ్రాంను పంపనక్కరలేదు, ఉత్తరమంత ఈమెయిల్ చాలు.

ఒకే ద్వారం

1991 ఆగస్టు 25న హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ తాను ఒక ఆపరేటింగ్ సిస్టం రాస్తున్నట్లు ప్రకటించాడు. అప్పటికి అతని వయసు 21 ఏళ్లు. 1994 మార్చిలో 1.0 వెర్షన్ వెలువడే నాటికి అందులో 1,76,250 పంక్తుల కోడ్ ఉంది. ఈ కాలమంతా ప్యాచ్‌లు ఈమెయిల్ ద్వారా అతనికి చేరేవి. నచ్చినవాటిని తన ప్రతిలో కలుపుకొని, కొత్త వెర్షన్‌ను విడుదల చేసేవాడు. తన ప్యాచ్ చేరిందో లేదో తెలుసుకోవాలంటే పంపినవారు కొత్త వెర్షన్‌ను తెరిచి వెతుక్కోవాల్సిందే.

నచ్చనివాటికి, చూడటానికి తీరిక దొరకనివాటికి చాలాసార్లు సమాధానమే ఉండేది కాదు. అవసరమైన ప్యాచ్ అయితే పంపినవారు మళ్లీ పంపుతారన్నది టోర్వాల్డ్స్ ధోరణి. ప్రతి తిరస్కరణకూ కారణం రాస్తూ కూర్చుంటే ఒక మనిషికి అసలు పని సాగదు కనుక ఇందులో కొంత న్యాయం లేకపోలేదు. అయితే ఈ పద్ధతి పట్టుదల, తీరిక రెండూ ఉన్నవారికే అనుకూలించిందని నా అభిప్రాయం. 'ఇది పనికిరాదు' అంటే నేర్చుకోవడానికి ఏదో ఒకటి మిగులుతుంది. మౌనం వల్ల తప్పు ప్యాచ్‌లో ఉందో, పంపిన వేళలో ఉందో, తనలోనే ఉందో కొత్తగా వచ్చినవారికి తెలియదు. చరిత్రకారుడికి ఇక్కడ ఒక చిక్కు కూడా ఉంది: అంగీకారం పొందిన ప్యాచ్ కోడ్‌లో ఆనవాలు మిగుల్చుతుంది, రెండుసార్లు పంపి విసిగి వెళ్లిపోయిన మనిషి శ్రమ అందులో ఎక్కడా కనిపించదు.

1998 సెప్టెంబరులో ఈ అసంతృప్తి బయటపడింది. పంపిన ప్యాచ్‌లు గల్లంతవుతున్నాయని సహచరులు నిలదీయగా, వాదన ముదిరి టోర్వాల్డ్స్ కొన్నాళ్లు సెలవు తీసుకున్నాడు. పని పెరిగిందనీ, దానిని మోసే మనిషి ఒక్కడే ఉన్నాడనీ అందరికీ అర్థమైంది. 2002 జనవరిలో రాబ్ ల్యాండ్లీ, చిన్నాచితకా ప్యాచ్‌లను సేకరించి కలపడానికి ప్రత్యేకంగా ఒక వ్యక్తిని నియమించాలని ప్రతిపాదించాడు. టోర్వాల్డ్స్ దానికి ఒప్పుకోలేదు. తాను నిజంగా నమ్మేది పది ఇరవైమందినేననీ, వారు మరికొందరిని నమ్ముతారనీ, పని ఆ గొలుసు గుండానే రావాలనీ అతని వాదన. అంటే నెట్‌వర్క్, ఫైల్ సిస్టం వంటి ఒక్కో విభాగానికి ఒక్కో నిర్వాహకుడు ఉంటాడు. ప్యాచ్ ముందుగా అతని దగ్గరికి వెళ్లాలి.

అరువు పనిముట్టు

గొలుసు ఏర్పడినా పనిముట్టు లేదు. 2002 ఫిబ్రవరిలో టోర్వాల్డ్స్ 'బిట్‌కీపర్' అనే సాఫ్ట్‌వేర్‌ను వాడటం మొదలుపెట్టాడు. ఒక్కొక్కరూ తమ దగ్గర పూర్తి ప్రతిని ఉంచుకొని, మార్పులను మొత్తంగా ఇచ్చిపుచ్చుకోవడం దానివల్ల వీలైంది. పని వేగం పెరిగింది. అయితే అది లారీ మెక్‌వాయ్ నెలకొల్పిన బిట్‌మూవర్ కంపెనీ సొత్తు. ఉచితంగా వాడుకునేవారు దానికి పోటీ వచ్చే సాఫ్ట్‌వేర్ తయారీలో పాల్గొనరాదన్న షరతు కూడా ఉంది. రిచర్డ్ స్టాల్‌మన్ దీనిని తీవ్రంగా ఆక్షేపించాడు.

2005లో ఈ ఏర్పాటు తెగిపోయింది. సాంబా సాఫ్ట్‌వేర్ కర్త ఆండ్రూ ట్రిడ్జెల్ బిట్‌కీపర్ సర్వర్‌తో మాట్లాడగల ప్రోగ్రాంను సొంతంగా రాయడంతో, కంపెనీ ఉచిత ప్రతిని ఉపసంహరించుకుంది. తన పనిలో రహస్యమేమీ లేదని చూపడానికి ట్రిడ్జెల్ ఒక సదస్సులో సర్వర్‌కు కనెక్ట్ అయి 'హెల్ప్' అని టైపు చేసి చూపించాడు. సర్వర్ తనకు తెలిసిన ఆదేశాల జాబితాను తానే ఇచ్చేసింది.

టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్ 3న 'గిట్' రాయడం ప్రారంభించాడు. నాలుగు రోజులకే గిట్ తన కోడ్‌ను తానే భద్రపరచుకునే స్థితికి వచ్చింది. జూన్‌లో వెలువడిన కెర్నల్ 2.6.12 గిట్ ఆధారంగా తయారైంది. ఇక్కడ ఒక లెక్క గమనించాలి. నిర్వాహకులతో ఒక్కసారి ఇచ్చిపుచ్చుకుంటే 250 దాకా ప్యాచ్‌లు కలపాల్సి రావచ్చు. ఒక్కోదానికి 30 సెకన్లు పడితే రెండు గంటలు దాటుతుంది. అందుకే ఒక ప్యాచ్‌కు మూడు సెకన్లు మించరాదని అతను నియమం పెట్టుకున్నాడు. ఏప్రిల్ నెలాఖరుకే గిట్ సెకనుకు ఆరుకు పైగా ప్యాచ్‌లను నమోదు చేయగలిగింది.

సంతకాల వరుస

గిట్ కథే ఎక్కువమందికి తెలుసు. అంతకు ఏడాది ముందు వచ్చిన మార్పు దానికంటే తక్కువదేమీ కాదు. తమ యూనిక్స్ కోడ్ లినక్స్‌లో చేరిందని ఆరోపిస్తూ ఎస్‌సీఓ కంపెనీ 2003 మార్చిలో ఐబీఎంపై దావా వేసింది. ఏ పంక్తి ఎవరి నుంచి వచ్చిందో చూపించాల్సిన అవసరం అప్పుడు ఏర్పడింది. దానితో 2004 మే నెలలో 'సైన్డ్ ఆఫ్ బై' పద్ధతి మొదలైంది. ఈ మార్పును పంపే హక్కు తనకు ఉందని రచయిత తన పేరుతో ధ్రువీకరిస్తాడు. దానిని ముందుకు పంపే ప్రతి నిర్వాహకుడూ కింద తన పేరు చేరుస్తాడు. పొలం కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు చూసినట్లే, ఈ పేర్ల వరుసను చదివితే ప్యాచ్ ఎవరెవరి చేతులు దాటి వచ్చిందో తెలుస్తుంది.

అయితే సంతకం ఉన్నంత మాత్రాన ఉద్దేశం మంచిదని చెప్పలేం. లోపాలు దాచిన ప్యాచ్‌లను నిర్వాహకులు పట్టుకోగలరా అని పరీక్షించడానికి మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు వారికి తెలియకుండా అటువంటివి పంపారు. 2021 ఏప్రిల్‌లో వివాదం రేగి, కెర్నల్ నిర్వాహకుడు గ్రెగ్ క్రో హార్ట్‌మన్ ఆ విశ్వవిద్యాలయం నుంచి వచ్చే ప్యాచ్‌లను నిషేధించాడు. పరిశోధకులు తమ పత్రాన్ని ఉపసంహరించుకున్నారు. అక్కడి నుంచి అంతకుముందు వచ్చిన 435 మార్పులను తిరిగి పరిశీలించగా, అత్యధికం సరైనవేనని తేలింది. ఆ పునఃపరిశీలనకు మాత్రం ఎందరో తమ సమయం వెచ్చించాల్సి వచ్చింది.

నేడు సుమారు తొమ్మిది, పది వారాలకు ఒక కొత్త కెర్నల్ వస్తుంది. మొదటి రెండు వారాలే కొత్త మార్పులకు ద్వారం తెరిచి ఉంటుంది; మిగతా కాలం దోషాలు సవరించడానికి. ఏ ఫైలుకు ఎవరు బాధ్యులో చెప్పే జాబితా కోడ్‌తోపాటే ఉంటుంది. భారం మాత్రం పోలేదు, పైనున్న ఒక్కడి నుంచి విభాగాల నిర్వాహకుల మీదికి దిగింది. ప్యాచ్ పంపినవారు మళ్లీ గుర్తుచేయడానికి ముందు కనీసం ఒక వారం ఆగాలనీ, ద్వారం తెరిచి ఉన్న రద్దీ రోజుల్లో ఇంకా ఎక్కువ ఆగాలనీ కెర్నల్ మార్గదర్శక పత్రంలో ఇప్పుడు రాసి ఉంది.