బ్యాకప్ తీసుకున్న కుర్రాళ్ళు

అమెరికా కాలేజీల్లో గ్రీకు అక్షరాల పేర్లతో ఉండే సంఘాల గురించి వినే ఉంటారు. వాటన్నిటికీ పెద్దన్న 'ఫై బీటా కప్పా'. 1776 డిసెంబరు 5న వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కాలేజీలో ఐదుగురు కుర్రాళ్ళు మొదలెట్టారు. చర్చలు, వ్యాసాలు, రహస్య ప్రమాణాలు, ఇదీ వాళ్ళ వ్యవహారం.

బయట చూస్తే స్వాతంత్ర్య యుద్ధం. అంత గుట్టుగా ఉండేవాళ్ళు కూడా గుట్టు పక్క ఊళ్ళకి పంచడానికి సిద్ధపడ్డారు. హార్వర్డ్‌లో పట్టా పుచ్చుకున్న ఎలైషా పార్మిలీని చేర్చుకుని, 1779 డిసెంబరులో హార్వర్డ్, యేల్‌లలో శాఖలు పెట్టడానికి అనుమతి ఇచ్చేశారు. ఉత్తరాది మనిషి కదా, తొలి సభ్యుల్ని అతనే కూడగట్టాడు. 1780లో యేల్, 1781లో హార్వర్డ్ శాఖలు మొదలయ్యాయి.

ఇక్కడే ఉంది అసలు సంగతి. అదే 1781లో యుద్ధం ముంచుకొచ్చి విలియం అండ్ మేరీలో చదువులు ఆగాయి, మూలసంఘమూ ఆగిపోయింది. మళ్ళీ లేవడానికి దశాబ్దాలు పట్టింది. మా సాఫ్ట్‌వేరు భాషలో చెప్పాలంటే, అసలు సర్వరు పోయింది, కాపీలు బతికించాయి.

మన సంఘాల్లోనేమో తాళంచెవి ఎప్పుడూ అధ్యక్షులవారి జేబులోనే! ఆయనతోపాటే సంఘమూ పోతుంది. నమ్మి వేరేవాళ్ళ చేతికిచ్చిందే మిగులుతుంది మరి.