కట్టుడు పళ్లూ, ట్రంపెటూ

మా అత్తగారు కట్టుడు పళ్లు పెట్టించుకున్న కొత్తలో 'పప్పుపులుసు' అన్న మాట కూడా సరిగా పలికేవారు కాదు. ఆ పళ్లతో బూరా వూదమంటే ఏమనేవారో! అమెరికాలో ఒక పెద్దమనిషి మాత్రం సరిగ్గా ఆ పనే చేశాడు. పేరు బంక్ జాన్సన్.

అతనిది న్యూ ఆర్లియన్స్. శవయాత్రకి కూడా బ్యాండుమేళం వుండే వూరది. శ్మశానానికి వెళ్లేటప్పుడు నెమ్మదైన పాట, తిరిగొచ్చేటప్పుడు గంతులేయించే పాట! డిక్సీలాండ్ జాజ్ పుట్టిందక్కడే. ట్రంపెట్ అసలు వరస పట్టుకుని ముందు నడుస్తుంది, క్లారినెట్ దాని చుట్టూ అల్లుకుంటుంది, కిందనుంచి ట్రాంబోన్ గుర్రుమంటుంది. అక్కడ కొంత పేరు తెచ్చుకున్నాక, 1915 ప్రాంతంలో బంక్ వూరు వదిలి సర్కస్సుల వెంటా, నాటక కంపెనీల వెంటా తిరిగాడు.

1931లో రేన్ అనే చిన్న వూళ్లో డాన్సు జరుగుతూంటే, బ్యాండు నాయకుడు ఇవాన్ థామస్‌ని వేదిక మీదే పొడిచి చంపారు. ఆ గలభాలో బంక్ బూరా కాస్తా నాశనమైంది. ముందు పళ్లూ ఆ రోజుల్లోనే పోయాయి. పెదవుల వెనక పళ్ల దన్ను లేకపోతే ట్రంపెట్ పలకదు. ఇక చేసేదేముంది? న్యూ ఐబీరియాలో చెరకు పొలాల్లో కూలికెళ్లాడు, లారీ తోలాడు.

1938 ప్రాంతంలో జాజ్ చరిత్ర రాయబోయిన కొందరికి లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఇతని పేరు చెప్పాడు. వాళ్లు వుత్తరం రాస్తే, పళ్లూ ట్రంపెటూ వుంటే మళ్లీ వాయించగలనని జవాబొచ్చింది. బియ్యమూ పప్పూ అడిగినంత మామూలుగా! అభిమానులు తలా కాస్తా వేసుకుని రెండూ సమకూర్చారు. పళ్లు కట్టిన డాక్టరు లెనర్డ్ బెషే ట్రాంబోన్ కూడా వాయించేవాడు. క్లారినెట్ విద్వాంసుడు సిడ్నీ బెషేకి స్వయానా అన్న.

1942లో రికార్డులు మొదలయ్యాయి. అంతకుముందు బంక్ పాట ఒక్క ప్లేటు మీదా లేదు. వయసులో వుండగా ఎలా వాయించాడో మనం ఎప్పటికీ వినలేం. 1945లో న్యూయార్కులోని స్టైవెసెంట్ కాసినోలో అతన్ని వినడానికి జనం విరగబడ్డారు.

వయసు తగ్గించి చెప్తారని ఆడవాళ్లకే పేరు గదా, ఈయన పదేళ్లు పెంచి చెప్పాడు! 1879లో పుట్టానన్నాడు, 1889 కావచ్చునని తర్వాత పరిశోధించినవాళ్లు తేల్చారు. తొలి జాజ్ వీరుడు బడీ బోల్డెన్ పక్కన వాయించానని చెప్పుకోవాలంటే ఆ పదేళ్లు కావాలి మరి. ఆర్మ్‌స్ట్రాంగ్‌కి నేర్పింది తనేనన్నాడు. ఆయనేమో తన గురువు కింగ్ ఆలివర్ అన్నాడు. ఇంగ్లీషులో 'బంక్' అంటే కోతలని కూడా అర్థముంది! అయినా నాకు కోపం రాలేదు. పళ్లూడిన మనిషిని వెతుక్కుంటూ వచ్చింది అతని కోసం కాదు, అతని పాత కాలం కోసం. ఎంత పాతవాడైతే అంత విలువ.

అభిమానులకి పాత పాటలే కావాలి. బంక్‌కేమో కొత్త పాటలు వాయించాలని సరదా. ఈ గొడవతో తోటివాళ్లతోనూ పొసగలేదు. 1947 డిసెంబరులో తనకి నచ్చిన మనుషుల్ని కూర్చుకుని, నచ్చిన పాటలు రికార్డు చేశాడు. 1949 జులైలో న్యూ ఐబీరియాలో పోయాడు.