ఇంగ్లండు ఇండ్లలో చలికాలపు బీరు

ఇంగ్లండులో బీరు కాచుట ఒకప్పుడు ఇంటిపని. యవలను నానవేసి, మొలకెత్తించి, కట్టెలమంటపై గోధుమవన్నె వచ్చువఱకు ఎండించెడివారు. ఆ గింజల తియ్యని రసమును హాప్స్ పూవులతో మరిగించి పులియఁబెట్టినదే బ్రౌన్ ఏల్ అను బీరు. వేసవిలో కాచినది చెడును గనుక అక్టోబరు మొదలు మార్చి వఱకే కాచెడివారు. తాటికల్లు ఎండకెట్లు మాఱునో యెఱిఁగిన మీకు ఈ జాగ్రత్త వింత గాదు.

1697లో మొలకయవలపై పన్ను పడెను. 1880లో గ్లాడ్‌స్టన్ దానిని తీసివైచి బీరుపైననే సుంకము విధించెను. ఇంట కాచువాఁడును లైసెన్సు పొందవలసివచ్చెను. ఆ నిబంధన 1963లోఁ గాని తొలఁగలేదు. తప్పంతయు సుంకముదే యనను. పట్టణపు బట్టీలు అంతకుమునుపే ఇంటి కాఁగులను చల్లార్చుచుండెను. కాని 83 ఏండ్లు! అంతకాలము వాడుక తగ్గిన ఇంటి పాళ్లు తల్లినుండి కూఁతునకు ఎట్లు చేరును?

నేఁడు మరల కాచుకొనువారి యెదుట రెండు తెఱఁగులున్నవి. లండనుది తియ్యనిది, పలుచనిది. 1927లో న్యూకాసిలునందు వెలసిన బీరు వంటి ఉత్తరదేశపుది ఇంచుక గాఢము, తీపి తక్కువ. చలికి ఏది తగునని నన్నడిగినచో రెండవదే యందును. సీసాలలో కొన్ని వారములు దాఁచిన రుచి కుదురును. అమ్ముటకు మాత్రము నేఁటికిని అనుమతి కావలయును.